తడిపి చూసిన రాయి

చీమకుర్తిలో రాయిని ఎవరూ పొడిగా కొనరు.
ముందు చెంబెడు నీళ్ళు కొడతారు.
బూడిదరంగు మొద్దు ఒక్కసారిగా
అమావాస్య ఆకాశమైపోతుంది,
లోపల్నించి బంగారు నలుసులు బయటికి చూస్తాయి.
ఎండ ఆ నీళ్ళు తాగేసేలోపు
నేను ధర కట్టెయ్యాలి.
పందొమ్మిదేళ్ళుగా అదే నా ఉద్యోగం:
చూడటం.

నలుసు చిన్నదా, పెద్దదా,
చుక్కలు ఒత్తుగా ఉన్నాయా, పల్చబడ్డాయా,
తెల్లచార ఎక్కడన్నా దాక్కుందా.
మొద్దు నెత్తిన ఎర్రరంగుతో
ఒకటి, రెండు, మూడు.
మూడు పడిన రాయి వేస్టు గుట్టలోకి పోతుంది.
చేతిలో బ్రష్షు ఉన్నవాడికి
మనుషులు కూడా మొద్దుల్లాగే కనిపిస్తారు కాబోలు.

మాలకొండయ్య పనిలోకొచ్చిన రోజే
వాడికి మూడు వేశాను.
జుట్టు సగం రాగిరంగు,
చెవికి పోగు, మెడ మీద తేలు పచ్చబొట్టు,
మోకాళ్ళ దగ్గర ప్యాంటు
చిరిగిందో, చింపుకున్నాడో.
మధ్యాహ్నం డంపరు నీడన పడుకుని
ఫోన్లో ఊరంతా వినేలా పాటలు.
మాట్లాడితే సగం మాట మింగేస్తాడు.
"యాణ్ణించి దొరికిందయ్యా ఈ శాల్తీ" అన్నాను మేస్త్రీతో.
మేస్త్రీ నవ్వాడు. నేనూ నవ్వాను.
వాడికి వినబడే ఉంటుంది.
వాడికి అన్నీ వినబడతాయని
అప్పటికి నాకు తెలియదు.

శ్రావణంలో ఒక మొద్దు లేచింది,
పన్నెండడుగులు, ఏ మూలా మచ్చ లేదు.
నీళ్ళు కొట్టించి, చుట్టూ తిరిగి చూసి
బ్రష్షు ముంచాను.
ఎవరూ పిలవకుండానే వాడు సుత్తి పట్టుకొచ్చాడు.
ఓ చోట కొట్టాడు. టంగ్.
జానెడు పక్కన. టంగ్.
ఇంకో జానెడు...
తల పక్కకి వాల్చాడు,
చెవిపోగు రాయికి తగిలింది.
"సార్, ఇక్కడ పలకట్లా. లోపల నెర్ర ఉంది."
నాకే తేడా వినిపించలేదు.
అసలు నేను వినలేదు.
మెడ మీద తేలును చూస్తున్నాను.
"పోయి నీళ్ళ క్యాను తేపో" అన్నాను.
ఒకటి వేశాను,
మామూలుగా వేసేదానికన్నా పెద్దది.

ఎనిమిదో రోజు ఫ్యాక్టరీలో
రంపం కింద ఆ మొద్దు రెండుగా విడిపోయింది,
వాడి చెవి ఆనిన చోటునుంచే.

ఓనరు కారు దిగి
అడగాల్సినవాణ్ణి అడగలేదు.
రాగిరంగు జుట్టు వైపు చూశాడు.
"ఆ రోజు సుత్తితో ఎడాపెడా బాదింది నువ్వేగా?"
చూడటం ఆయనకీ వచ్చు మరి.

వాడు నా వైపు తిరిగాడు.
బతిమాలడానికి కాదు, ఊరికే,
తల కాస్త పక్కకి వాల్చి,
ఇక్కడేమన్నా పలుకుతుందా అన్నట్టు.
నేను పలకలేదు.

వాడు పామూరు బస్సెక్కి పోయాక
టీ కొట్టు దగ్గర తెలిసింది,
తాత కనిగిరి వైపు బావులు తవ్వేవాడట,
బండకి చెవి ఆనించి
ఎక్కడ పగలగొట్టాలో చెప్పేవాడట.
మంచివాడా అని మాత్రం అడక్కండి.
టీ కొట్టులో బాకీ ఎగ్గొట్టాడనే అంటారు.
ఆ పద్దు వేరు,
నా పద్దు వేరు.

ఇప్పుడు నేనూ సుత్తి పెట్టుకు తిరుగుతున్నాను.
ముసలాయనకి చాదస్తం పట్టిందని
కుర్రాళ్ళు వెనకాల నవ్వుకుంటారు.
టంగ్. టంగ్.
అన్ని రాళ్ళూ నాకు ఒకేలా పలుకుతాయి.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
చూడ్డానికేమీ లేక
మంచం మీద వెల్లకిలా పడుకుని
రొమ్ము మీద వేలితో కొట్టుకున్నాను,
ఓ చోట,
బెత్తెడు పక్కన,
ఇంకో బెత్తెడు.

ఇక్కడ పలకట్లా.